ఆట పెట్టెను సినిమా పెట్టెగా లెక్కించిన రోజులు

2008 జనవరి 12తో ముగిసిన వారానికి అమెరికాలో హైడెఫినిషన్ డిస్క్ ప్లేయర్ల అమ్మకాల లెక్క ఒకటి బయటికొచ్చింది. బ్లూ-రే ప్లేయర్లు 21,770. హెచ్‌డీ డీవీడీ ప్లేయర్లు 1,758. లెక్క కట్టింది ఎన్‌పీడీ అనే మార్కెట్ పరిశోధన సంస్థ. శాతాల్లో చూస్తే ఇది 92కి 7 దాకా వస్తుంది. అప్పటికి సుమారు వారం కిందటే, జనవరి 4న, వార్నర్ బ్రదర్స్ ఇకపై తమ సినిమాలు బ్లూ-రే మీదే వస్తాయని ప్రకటించింది. ఈ అంకెలు చూశాక పత్రికలు హెచ్‌డీ డీవీడీ ఆట ముగిసిందని రాసేశాయి. ఒక్క వారం అంకెలతో తీర్పు చెప్పకూడదని ఎన్‌పీడీ వాళ్లే హెచ్చరించారు. హెచ్‌డీ డీవీడీ వైపున్న తోషిబా ధర తగ్గించడంతో తర్వాతి వారంలోనే హెచ్‌డీ డీవీడీ వాటా లేచింది కూడా. అయినా ఎవరూ వినే స్థితిలో లేరు.

ఆ లెక్కలో అసలు వింత వేరే ఉంది. బ్లూ-రే డిస్కు వేసి చూడగలిగే యంత్రాల్లో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడవుతున్నది అందులో లేదు. అది సోనీ ప్లేస్టేషన్ 3. ఇదే ఎన్‌పీడీ గేమ్ కన్సోళ్ల పద్దు ప్రకారం ఆ జనవరిలో అమెరికాలో 2,69,000 పీఎస్3లు అమ్ముడయ్యాయి. వారానికి పంచితే మామూలు బ్లూ-రే ప్లేయర్లకు మూడు రెట్లు. అది ఆట వస్తువుల ఖాతాలో పడింది కాబట్టి సినిమా వస్తువుల ఖాతాలో కనిపించలేదు.

రెండు డిస్కుల పోరు 2006లో మొదలైంది. తోషిబా ఆ ఏప్రిల్‌లో 499 డాలర్లకు హెచ్‌డీ డీవీడీ ప్లేయర్ తెచ్చింది. జూన్‌లో వచ్చిన శాంసంగ్ బ్లూ-రే ప్లేయర్ 999 డాలర్లు. ధర ఒక్కటే చూస్తే బ్లూ-రేకు దిక్కులేదు. నవంబరులో సోనీ పీఎస్3ని 499, 599 డాలర్లకు దించి, లోపల బ్లూ-రే డ్రైవు పెట్టేసింది. ఐసప్లై సంస్థ ఆ పెట్టెను విప్పి, ఒక్కో భాగానికీ ధర కట్టింది. 599 డాలర్ల మోడల్ తయారీ ఖర్చు 840 డాలర్లని తేల్చింది. అంటే అమ్మిన ప్రతి పెట్టె మీదా 240 డాలర్లు చేతినుంచి పోతున్నట్టు. ఇదీ అంచనాయే. కానీ విడిభాగాలు బల్లమీద పరిచి వేసిన అంచనా కనుక దీనికి ఒక బరువుంది. మైక్రోసాఫ్ట్ మరో దారిలో పోయింది. ఎక్స్‌బాక్స్ 360కి హెచ్‌డీ డీవీడీ డ్రైవును 199 డాలర్లకు విడిగా అమ్మింది. విడిగా అమ్మితే కావలసినవాళ్లే కొంటారు. పెట్టెలో ఉంటే అక్కర్లేనివాళ్ల ఇంటికీ చేరుతుంది.

పేచీ ఇక్కడే. పీఎస్3ని సినిమా ప్లేయర్‌గా లెక్కించాలా? లెక్కించాలన్నారు బ్లూ-రే వాళ్లు. కుర్రాళ్లు ఆటలు ఆడుకుంటారు, సినిమా డిస్కులు కొనరు, మా ప్లేయర్ కొన్నవాడైతే సగటున వాళ్లకంటే ఎక్కువ డిస్కులు కొంటున్నాడన్నారు హెచ్‌డీ డీవీడీ వాళ్లు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే 2007 డిసెంబరు ఆఖరుకు సోనీ ప్రపంచవ్యాప్తంగా కోటి పైచిలుకు పీఎస్3లను పంపింది. 2008 ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసే నాటికి హెచ్‌డీ డీవీడీ యంత్రాలు, ఎక్స్‌బాక్స్ డ్రైవులు కలుపుకున్నా సుమారు పది లక్షలే. పీఎస్3 కొన్నవాళ్లలో పదిమందికి తొమ్మిదిమంది సినిమా ముట్టకపోయినా, మిగిలిన ఆ ఒక్కడితోనే లెక్క సరిసమానమైపోతుంది. నా మటుకు పోరు తేలింది ఈ కూడికలోనే. వార్నర్ ప్రకటన ఆ కూడిక చదివి పెట్టిన సంతకం.

ఇంతకీ ‘అమ్ముడైంది’ అంటే ఏమిటి? ఫ్యాక్టరీ గేటు దాటడమా, డీలరు గోదాములోకి చేరడమా, కౌంటరు మీద బిల్లు చింపడమా? సోనీ చాలాకాలం మొదటిదాన్నే చెప్పేది. 2007-08 ఆర్థిక సంవత్సరం నుంచి పద్ధతి మార్చి, తన ఖాతాలో నమోదైన అమ్మకాలు చెప్పడం మొదలెట్టింది. ఆ అమ్మకం కూడా డీలరుకే గానీ మనింటికి కాదు. ఎన్‌పీడీ లాంటి సంస్థలు దుకాణాల బిల్లింగు యంత్రాల నుంచి వివరాలు తీసుకుని, చేరని దుకాణాలకు లెక్కకట్టి కలిపేవి. డిస్కుల అమ్మకాలు చూసే నీల్సన్ వీడియోస్కాన్‌కు వాల్‌మార్ట్ తన బిల్లులు ఇచ్చేది కాదు. అమెరికాలోకెల్లా పెద్ద దుకాణం లేకుండా దేశం మొత్తానికి అంచనా! సంక్రాంతి కోడిపందేల లెక్కను భీమవరం వదిలేసి వేసినట్టు.

కంపెనీ నోరు విప్పకపోతే మరో దారి ఉంది, పెట్టె అడుగున అంటించిన సీరియల్ నంబరు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ ట్యాంకుల ఉత్పత్తిని మిత్రరాజ్యాల గణకులు ఇలాగే పట్టారు. 1942 ఆగస్టుకు గూఢచారుల అంచనా నెలకు 1,550 ట్యాంకులు. పట్టుబడ్డ ట్యాంకుల నంబర్లు చూసి గణకులు వేసింది 327. యుద్ధం ముగిశాక జర్మనీ రికార్డుల్లో దొరికింది 342. మన వీడియో గేముల తాతగారు కమోడోర్ 64 కంప్యూటర్ విషయంలోనూ ఇదే జరిగింది. కోటీ డెబ్బై లక్షల నుంచి మూడు కోట్ల దాకా అమ్మారని కథలు నడిచాయి. అభిమానులు పోగేసిన సీరియల్ నంబర్లతో కడితే కోటీ పాతిక లక్షల దగ్గర ఆగింది.

ఇప్పుడీ కొలతబద్దలన్నీ పట్టుకుని మహారాష్ట్రలోని బొగ్గుగనుల ఊరు చంద్రపూర్ గోల్‌బజారుకు వద్దాం. పీఎస్3 మన దేశంలోకి 2007 ఏప్రిల్‌లో 39,990 రూపాయలకు వచ్చింది. అప్పట్లో ఈ బొగ్గు ఊళ్లలో ఇళ్లలో ఉన్నవి వెనక్కి పొడుచుకొచ్చిన పిక్చర్ ట్యూబ్ టీవీలు. వాటిమీద బ్లూ-రే వేసినా, ముప్పై నాలుగు రూపాయల మోసర్ బేర్ డీవీడీ వేసినా కంటికి తేడా తెలియదు. ఆ మోసర్ బేరే విదేశాలకు ఖాళీ హెచ్‌డీ డీవీడీలను తయారుచేసి పంపిన తొలి కంపెనీల్లో ఒకటి. మనదేశపు డిస్కు అక్కడికి, మనకు మాత్రం మామూలు డీవీడీ. 2018లో ఆ కంపెనీ లిక్విడేషన్‌కు పోయింది.

ప్రభుత్వ లెక్కలకూ ఈ పెట్టెలు చిక్కవు. 2011 జనగణనలో రేడియో, టీవీ, కంప్యూటర్, ఫోను, సైకిలు, స్కూటరు, కారు ఉన్నాయా అని అడిగారు. ప్లేయర్, గేము ఊసు లేదు. జాతీయ నమూనా సర్వే ఇంటి ఖర్చుల పట్టికలో మాత్రం వీసీఆర్, వీసీడీ, డీవీడీ ప్లేయర్లకు కలిపి ఒక గడి ఉండేది. 2011-12లో దేశం మొత్తమ్మీద లక్షా పదహారు వందల పైచిలుకు ఇళ్లే వాళ్లు తట్టింది. అందులోంచి ఒక జిల్లాకు అంకె తీయడం కుదరదు. కస్టమ్స్ పద్దుల్లో ‘వీడియో గేమ్ కన్సోళ్ల’కు సొంత సంఖ్య 9504 50 దక్కింది 2012 సవరణతో. అంతకుముందు టీవీకి తగిలించే వీడియో గేములన్నీ ఒకే పేరు కింద నడిచాయి. సూట్‌కేసులో వచ్చిన పెట్టె ఏ పద్దులోనూ ఎక్కదు.

సూట్‌కేసు దాకా ఎందుకు, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఉండేదిగా. అప్పట్లో సికింద్రాబాద్ నుంచి చంద్రపూర్ పక్కనున్న బల్లార్షా దాకా వచ్చిన బండి. బల్లార్‌పూర్ కాగితం మిల్లు, గనుల చుట్టూ తరాలుగా స్థిరపడ్డ తెలుగువాళ్లకు అది పుట్టింటి బండి లాంటిదే. పక్కనున్న రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, మన ఆదిలాబాద్ జిల్లాలోదే. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొని, బెర్తు కింద తోసి తెచ్చిన ముందుతరం పెట్టె పీఎస్2కు బిల్లుంటే అది అప్పటి ఆంధ్రప్రదేశ్ అమ్మకం. ఆట మాత్రం మహారాష్ట్రలో.

పైగా ఆ పెట్టె ఒక్కరింట్లో ఉండేది కాదు. గంటకింతని అద్దెకిచ్చే గేమ్ పార్లరు ఏ చిన్న ఊళ్లోనైనా ఒకేలా ఉండేది. షట్టరు సగం దించిన గది, వరసగా టీవీలు, బొటనవేలి రాపిడికి రబ్బరు ఊడిపోయి తెల్ల ప్లాస్టిక్ తేలిన కంట్రోలర్లు. సీడీ పౌచ్‌లో డిస్కులు, వాటిమీద మార్కరుతో రాసిన పేర్లు, సగం అక్షరదోషాలే. చిప్ వేయించిన యంత్రం కాబట్టి అన్నీ కాపీలే ఆడేవి. ఓనరు నోట్‌బుక్‌లో పేరు, ఎక్కిన టైము, దిగిన టైము. నన్నడిగితే ఊరికి సంబంధించినంతవరకు ఉత్తమ గణాంకం ఆ నోట్‌బుక్కే. అమ్మకాల అంచనాలో ఈ గది టీవీకొక్క కన్సోలు, సున్నా గేములు. ఆడినవాళ్లు మాత్రం పేటలో కుర్రాళ్లంతా.

సోనీకి ఇది తెలియదనుకోవడం పొరపాటు. 2009లో, అంటే పీఎస్3 మన మార్కెట్లోకి వచ్చిన రెండేళ్లకు, భారత్ కోసమని విడుదల చేసిన సొంత గేములు రెండూ హైదరాబాద్‌లోనే తయారయ్యాయి. ‘హనుమాన్: బాయ్ వారియర్’ అరోనా టెక్నాలజీస్‌ది. ‘దేశీ అడ్డా’ గేమ్‌శాస్త్రది. దాంట్లో కబడ్డీ, గాలిపటాలతోపాటు మన చిర్రగోనె కూడా ఉంది. దేవుణ్ణి జాయ్‌స్టిక్కుతో తిప్పడమేమిటని హనుమాన్ మీద అమెరికాలోని హిందూ నేత రాజన్ జెడ్ గొడవ చేశారు. ఆ గొడవలో జనం పట్టించుకోని సంగతి, రెండూ వచ్చింది 2000లో పుట్టిన పాత పీఎస్2 మీద. కొత్త పెట్టె మన ఇళ్లలో లేదని, పాతదే ఉందని కంపెనీకి అంచనా ఉండబట్టే కాబోలు ఆ నిర్ణయం.

పీఎస్2 ఉత్పత్తి 2013 నాటికి ఆగిపోయింది. సోనీ చెప్పిన ప్రపంచ లెక్క పదేళ్లకు పైగా 15.5 కోట్ల దగ్గరే నిలబడింది. 2024లో, పదవి నుంచి దిగిపోతున్న ప్లేస్టేషన్ అధిపతి జిమ్ రయాన్ దాన్ని 16 కోట్లన్నారు, తర్వాత కంపెనీ కూడా ఔనంది. ఫ్యాక్టరీ మూతపడ్డాక కలిసిన పెట్టెలు యాభై లక్షలు.