హెడ్‌లైట్లు: మిరుమిట్ల నివారణ, పొగమంచు దీపాల చరిత్ర

రాత్రివేళ దారి కనబడేందుకు వాహనం ముందుభాగాన అమర్చే దీపాన్ని హెడ్‌లైటు అంటారు. దీని చరిత్రలో వెలుగును పెంచడం త్వరగానే సాధ్యమైంది కాని, పెరిగిన వెలుగు ఎదుటివారి కళ్లలో పడకుండా చూడటానికి వందేళ్లు పట్టింది.

తొలి మోటారు బండ్లకు నూనె దీపాలు, కార్బైడుపై నీరు పడినప్పుడు పుట్టే ఎసిటిలీన్ వాయువుతో వెలిగే దీపాలు ఉండేవి. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరుతో పాటు విద్యుద్దీపాలు వచ్చాక కాంతి పెరిగింది, దానితోపాటే ఎదుటి చోదకుడి కళ్లు చెదరడమూ మొదలైంది. 1915లో అమెరికాకు చెందిన గైడ్ ల్యాంప్ కంపెనీ కాంతిని కిందికి వంచే దీపాలను తెచ్చినా, వాటిని వంచాలంటే బండి ఆపి దిగవలసి వచ్చేది. కారులో కూర్చునే మీటతో వంచే వీలు 1917 నాటి కాడిలాక్‌లో కలిగింది.

ఈ చిక్కును నిజంగా విప్పినది 1924లో ఓస్రామ్ సంస్థ తెచ్చిన బైలక్స్ బల్బు. ఇందులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. పరావలయ దర్పణపు నాభి వద్ద, అంటే కిరణాలు సమాంతరంగా వెలువడే బిందువు వద్ద, ఉన్న ఫిలమెంటు దూరం చూపుతుంది (హైబీమ్). నాభికి కాస్త ముందున్న రెండవదాని కింద చిన్న లోహపు దొన్నె ఉండటంతో దాని వెలుగు దర్పణం పైసగానికే చేరి, అక్కడినుంచి కిందికి వంగి రోడ్డుమీద పడుతుంది; ఇదే డిమ్ లైటు, అంటే లోబీమ్. మన దేశంలో లారీలు, బస్సుల హెడ్‌లైటు అద్దం పైసగానికి నల్లరంగు పూసే అలవాటు ఈ ఏర్పాటుకు సరిగ్గా ఎదురు నడుస్తుంది. డిమ్ లైటు బయటికి వచ్చేది ముఖ్యంగా ఆ పైసగంనుంచే కనుక, రంగు వల్ల దారి చూపే వెలుగే తగ్గుతుంది. 1957లో ఐరోపా దేశాలు ఒక పక్కకు మాత్రం కాంతిని కొంత పైకి లేపే అసమాన డిమ్‌ను స్వీకరించాయి. వాహనాలు ఎడమవైపు నడిచే భారతదేశం వంటి చోట్ల ఆ ఎత్తు ఎడమ అంచున, అంటే పాదచారులు నడిచే పక్కన, ఉంటుంది.

పొగమంచు విషయంలో చాలాకాలం నమ్మకం రంగుమీదే నిలిచింది. ఫ్రాన్సు 1936 నాటి ఉత్తర్వుతో పసుపు హెడ్‌లైట్లను తప్పనిసరి చేసి, 1993 దాకా కొనసాగించింది. పసుపు మేలన్న నమ్మకానికి ఆధారమైన, నీలికాంతి ఎక్కువగా చెదురుతుందన్న సూత్రం గాలి అణువుల వంటి అతి సూక్ష్మ కణాలకే వర్తిస్తుంది. పొగమంచు బిందువులు కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చాలా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. అందుకే మంచులో హైబీమ్ వేస్తే ఎదుట తెల్లని తెర కట్టినట్లవుతుంది. ఫాగ్ ల్యాంపును బంపరు దగ్గర తక్కువ ఎత్తులో పెట్టి, వెడల్పుగా పరచుకొని పై అంచు తెగినట్లుండే కాంతిని ఇచ్చేలా చేయడం వల్ల చోదకుడి చూపుకు అడ్డుగా వెలుగు తిరిగి రావడం తగ్గుతుంది. పనిచేసేది ఈ అమరికే, పసుపు రంగు కాదు.

మిరుమిట్ల నివారణలో అన్నిటికన్నా తెలివైన ఆలోచన అమలుకే రాలేదు. కాంతి కంపనాలను ఒకే తలానికి పరిమితం చేయడాన్ని ధ్రువణం అంటారు. 1920ల చివర ధ్రువణ పలకను కనిపెట్టిన ఎడ్విన్ లాండ్ ఆ పనికి పూనుకున్నదే ప్రధానంగా హెడ్‌లైట్ల మిరుమిట్లను అణచడానికి. ప్రతి కారు దీపాలపైనా, చోదకుడి కళ్ల ముందరా 45 డిగ్రీల వాలుతో ఒకే దిశలో పలకలు ఉంటే, ఎదురెదురుగా వచ్చే రెండు కార్ల పలకలు ఒకదానికొకటి అడ్డంగా అమరి ఎదుటి దీపం దాదాపు ఆరిపోయినట్లు కనబడుతుంది. అయితే ఆ పలకలు సగానికి పైగా వెలుగును మింగేస్తాయి. పైగా అన్ని వాహనాలకూ అమర్చితే తప్ప మొదట కొన్నవాడికి ఫలితం దక్కదు. కార్ల తయారీదారులు ముందుకు రాలేదు.

తర్వాత 1962లో హాలోజన్, 1991లో జినాన్ బల్బులు వెలుగును మరింత పెంచాయి. 2013లో ఆడి ఏ8 కారుకు వచ్చిన మ్యాట్రిక్స్ దీపంలో కెమెరా ఎదుటి బండిని గుర్తించగా, ఆ వైపు పడే ఎల్ఈడీలు మాత్రమే ఆరిపోయి తక్కిన దారి అంతా హైబీమ్‌లోనే ఉంటుంది. లోబీమ్, హైబీమ్ అన్న రెండు స్థితులనే గుర్తించిన నిబంధనల వల్ల అమెరికాలో ఇటువంటి దీపాలకు 2022 ఫిబ్రవరి దాకా అనుమతి లభించలేదు.