గుల్లల గీతలలో గతకాలం

ఉత్తర అట్లాంటిక్ సముద్రగర్భపు ఇసుకలో పూడుకొని బతికే ఆర్కిటికా ఐలాండికా అనే జంట చిప్పల జీవి, ఏటేటా గుల్ల అంచున కొత్త సున్నపు పొరను పేర్చుకుంటూ, పెరుగుదల మందగించిన కాలంలో ఒక సన్నని గీతను మిగుల్చుతుంది కనుక, చెట్టు మానులోని వలయాల వలె ఈ గీతలే దాని వయసును తెలుపుతాయి. 2006లో ఐస్‌లాండ్ సమీపాన సేకరించిన, ‘మింగ్’ అని పేరుపడిన గుల్లకు వేల్స్‌లోని బ్యాంగర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మొదట సుమారు 405 ఏళ్లు లెక్కగట్టారు; అయితే చిప్పల కీలు దగ్గర గీతలు మరీ ఇరుకుగా ఒత్తుకొని ఉండటంతో, అంచు వెంబడి తిరిగి లెక్కించి, ఇతర గుల్లలతోనూ రేడియోకార్బన్‌తోనూ సరిచూసి 2013లో దానిని 507 ఏళ్లుగా సవరించారు. ఈ సవరణే గీతలను లెక్కించే విద్య నిజాయితీకి గట్టి నిదర్శనం.

శిలాజాల విషయంలో గీత ఏడాదిదా కాదా అన్నది తేల్చడం మరింత కష్టం. అందుకు ఆక్సిజన్ ఐసోటోపులు, అనగా ఒకే మూలకంలో బరువు తేడా గల పరమాణువులు, తోడ్పడతాయి. వాటి నిష్పత్తి నీటి ఉష్ణోగ్రతను బట్టి మారుతుందని హెరాల్డ్ యూరీ 1947లో వివరించాడు. గుల్లలో ఆ మార్పును రుతువుల వెంబడి గుర్తించే పద్ధతితోనే అంటార్కిటికాలోని సేమూర్ ద్వీపపు ఇయోసీన్ యుగపు కుకుల్లేయా అనే జంట చిప్పల జీవులు నూరేళ్లకు పైగా జీవించాయని 2004లో తేలింది. ఒమాన్‌లో దొరికిన సుమారు 7 కోట్ల ఏళ్లనాటి రూడిస్టు అనే జంట చిప్పల జీవి గుల్లలోని దినసరి పొరలను 2020లో లెక్కించగా, ఆనాటి సంవత్సరానికి 372 రోజులున్నట్లు వెల్లడైంది.