బొంబాయిలో ప్లేగు టీకా - ప్రతిరక్షకముల పుట్టుక

బొంబాయిలోని కామాటిపురమునకు ఆ పేరు నైజాము రాజ్యమునుండి కట్టడపు పనులకై వలసపోయిన తెలుగు కామాటీలవలన వచ్చినది. నేడా పేరు లోకమున వేరొక అర్థమున వినబడుచున్నను, అది మొదట మనవారి కష్టార్జితపు పేట. 1896 సెప్టెంబరులో మాండ్వీ ప్రాంతమున ప్లేగు బయటపడినప్పుడు, ఇరుకు ఇండ్లలోని కూలిజనమునకు ఊరు విడుచుట తప్ప వేరు రక్షణ లేకుండెను.

ఆ అక్టోబరులో నగరమునకు వచ్చిన హాఫ్కిన్ పండితుడు గ్రాంటు వైద్యకళాశాలలో ప్లేగు క్రిములను మాంసరసమున, నేతిచుక్కల క్రింద పెంచి, వేడిచే చంపి టీకా సిద్ధపరచెను. 1897 జనవరి 10న దానిని మొదట తన శరీరముననే ఎక్కించుకొనెను. ఆ నెలలోనే కామాటిపురమునకు చేరువనున్న బైకుల్లా జైలున ప్లేగు ప్రవేశింపగా, ఇష్టపడిన ఖైదీలకు టీకాలు వేసిరి. వేయించుకొననివారికంటె వీరిలో రోగమును, మరణమును తక్కువగా కనబడెను.

చచ్చిన క్రిమి బ్రతికిన క్రిమినుండి ఎట్లు కాపాడును? 1890లో బేరింగు, కిటసాటోలు ధనుర్వాత విషమునకు అలవాటు చేయబడిన జంతువుల రక్తరసమున ఆ విషమును విరుచు పదార్థము కలదని చూపియుండిరి. అదియే ప్రతిరక్షకము. అది ఎట్లు పుట్టునో తెలియుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. రోగక్రిమియే అచ్చువలె నుండి దానిని పోతపోయునని కొందరు తలచిరి. 1957లో బర్నెట్ ప్రతిపాదించినది దీనికి విరుద్ధము. క్రిమి రాకమునుపే దేహమున అసంఖ్యాకములగు తెల్లకణములు, నేడు బి కణములనబడునవి, వేర్వేరు రూపముల గ్రాహకములతో సిద్ధముగా నుండును. క్రిమి తనకు సరిపడిన కణమునే తాకి మేల్కొల్పును. ఆ కణము విభజన చెందగా, కొన్ని ప్లాస్మా కణములై ప్రతిరక్షకములను వెదజల్లును. కొన్ని జ్ఞాపకకణములై నిలిచి, ఆ శత్రువే మరల వచ్చినచో త్వరపడును. ఇన్ని రూపములకు చాలినన్ని జన్యువులు ఎక్కడివి? కొలదిపాటి జన్యుఖండములే పలువిధముల కలిసి ఆ పని చేయునని 1976లో టోనెగావా చూపిన ప్రయోగమువలన తేలెను.

ఒక రోగమునకు సిద్ధపడిన దేహము మరియొకదానికి సిద్ధపడదు. 1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామమున ఒక టీకా సీసాలో ధనుర్వాత క్రిమి చేరి పందొమ్మిదిమంది మరణించిరి. నేరము హాఫ్కిన్‌పై మోపబడెను. క్రిందపడిన పటకారును సరిగా శుద్ధిచేయకయే సీసా మూత తీయుటకు వాడిరను సంగతి పిదప వెల్లడియై, 1907లో గాని ఆయనకు నింద తొలగలేదు. పరేలులోని ఆయన ప్రయోగశాలకు 1925లో హాఫ్కిన్ సంస్థ యని పేరిడిరి.