కదలని డబ్బు

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నెలకింత అని ఓ లో వోలటిలిటీ ఫండులో పెట్టడం మొదలెట్టాను. గోదావరిఖనిలో ఉన్న మా బాపుకి చెబితే "షేర్లల్ల పెడితే మునుగుడే బిడ్డా. మా సీఎంపీఎఫ్ చూడు, ఎన్నడన్న కదిలిందా?" అన్నాడు. నిజమే, కదల్లేదు. ఆ కదలకపోవడం గురించే ఈ నాలుగు ముక్కలు.

ముందు నా ఫండు సంగతి. నిఫ్టీ 100 లో వోలటిలిటీ 30 సూచీ వంద పెద్ద కంపెనీల్లోంచి, గడిచిన ఏడాదిలో ధర తక్కువగా ఊగిన ముప్ఫయ్యింటిని ఏరుతుంది. ఎంత తక్కువ ఊగితే అంత ఎక్కువ వాటా. పెద్ద రహస్యమేం లేదు. మార్కెట్ పరిగెడుతుంటే మామూలుగా ఇది వెనకబడుతుంది, కూలితే కాస్త తక్కువ కూలుతుంది. అసలు కూలదని కాదు. 2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజే 3,935 పాయింట్లు పడింది, ఆ నెలలో ఇదీ పడింది. కాకపోతే పడుతున్నట్టు రోజూ కళ్ళకి కనబడుతుంది.

ఇక బాపు ఫండు. బొగ్గుగని కార్మికుల భవిష్యనిధి 1948 చట్టంతో వచ్చింది. సింగరేణి వాళ్ళ పొదుపు కూడా ధన్‌బాద్ కేంద్రంగా ఉన్న ఆ సంస్థ దగ్గరికే వెళ్తుంది. అక్కడ ఎక్కువగా బాండ్లు, డిబెంచర్లు. కార్మికుడి పాసుబుక్కులో వాటి రోజువారీ ధర ఉండదు కదా, అంచేత అంతా నిలకడగా ఉన్నట్టే ఉంటుంది. డీహెచ్ఎఫ్ఎల్ అనే గృహరుణాల కంపెనీలో ఇలాగే సుమారు 1,390 కోట్లు పెట్టారు. 2018 సెప్టెంబరు 21న ఆ కంపెనీ షేరు ఒక్కరోజులో నలభై శాతానికి పైగా పడింది. డిబెంచర్లకి మాత్రం 2019 ఫిబ్రవరి దాకా ట్రిపుల్ ఏ రేటింగే! (లాగు నిండా ఎర్రర్లు, డాష్‌బోర్డు మాత్రం పచ్చగా.. మా ఆఫీసులో రోజూ చూసేదే.) ఆ జూన్‌లోనే కంపెనీ బాకీ కట్టలేక చేతులెత్తేసింది. చివరికి నిధి లెక్కల్లోంచి 727 కోట్లు రానిబాకీ కింద కొట్టేశారు. మనం తిట్టుకునే ఆ ఊగే షేరే ముందు కబురు చెప్పింది.

అంతకన్నా నన్ను తొలిచేది 1998 పెన్షన్ పథకం. పూర్తి సర్వీసు ఉంటే చివరి జీతాల సగటులో 25 శాతం. డీఏ లేదు. పెంచమని యూనియన్లు అడుగుతూనే ఉన్నాయి.

మొన్న దసరాకి వెళ్ళినప్పుడు బాపు పాసుబుక్కు తెరిచి చూశాను. 2014లో పడ్డ మొదటి పెన్షన్ ఎంతో, మొన్న పడ్డదీ అంతే. రూపాయి తేడా లేదు. వోలటిలిటీ సున్నా!

"చూసినవా, కదల్లే" అన్నాడు.

లక్ష్మీనగర్‌లో అప్పుడు బియ్యం కిలో ఎంతుండేదో అడగబోయి ఊరుకున్నాను.