కార్లలో గుర్రప్పందెం

పొలాలున్న ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి హెచ్.పి. అనగానే బోరు మోటారే గుర్తొస్తుంది. 5 హెచ్.పి. మోటారు వేశారంటే ఇక నీళ్ళకి ఢోకా లేదనుకునేవాళ్ళం. అమెరికాలో ఆ హెచ్.పి. కోసమే కార్ల కంపెనీలు దాయాదుల్లా పోటీ పడ్డాయి. ఒకరు ఒక అంతస్తు వేస్తే ఇంకొకరు రెండు వేసినట్టన్నమాట.

1949లో ఓల్డ్స్‌మొబైల్ రాకెట్ 88 కారు 135 హెచ్.పి.తో వచ్చింది. 1951లో క్రైస్లర్ 180 అంది, 1955కి 300 చేసింది. 1957లో ఫోర్డ్ తన ఇంజనుకి సూపర్‌ఛార్జర్ తగిలించి తనూ 300కి చేరింది.

సూపర్‌ఛార్జర్ అంటే భయపడకండి. కట్టెల పొయ్యి దగ్గర అమ్మమ్మ పట్టుకునే ఊదుగొట్టం లాంటిదే. గాలి ఎక్కువ అందితే మంట పెరుగుతుంది కదా! ఇంజను తిరుగుతూ బెల్టుతో ఈ ఊదుగొట్టాన్ని తిప్పుతుంది, అది గాలిని ఒత్తి లోపలికి తోస్తుంది. దాంతో పెట్రోలు ఎక్కువ మండుతుంది, బలం పెరుగుతుంది.

అదే 1957లో కంపెనీలన్నీ కూర్చుని, రేసుల్లో పాల్గొనం, వేగం గురించి ప్రకటనలు ఇవ్వం అని ఒప్పుకున్నాయి. కానీ ఆ మాట ఎక్కువ కాలం నిలవలేదు. జనరల్ మోటార్స్‌లో మధ్యరకం కార్లకి పెద్ద ఇంజను పెట్టకూడదని నియమం ఉండేది. పాంటియాక్ ఇంజనీరు జాన్ డిలోరియన్ బృందం దాన్ని కొత్త కారుగా కాక, ఉన్న కారుకి అదనపు సౌకర్యంగా అమ్మింది. అదే 1964 నాటి జీటీవో, 325 హెచ్.పి. 5 వేలు అమ్ముడైతే చాలనుకుంటే మొదటి ఏడాదే 32 వేలు దాటాయి. కొన్నదెవరు? యుద్ధం తర్వాత పుట్టి, అప్పుడే లైసెన్సు చేతికొచ్చిన పిల్లలు! 1970కి షెవర్లే షెవెల్‌లో 450 హెచ్.పి. దొరికేది.

అన్నట్టు, ఆ అంకెల్లో కొంత గిన్నెతో సహా నెయ్యి తూచిన లెక్క ఉంది. సైలెన్సరూ, ఎయిర్ ఫిల్టరూ తీసేసి ఇంజను ఒక్కదాన్నే బల్లమీద పెట్టి కొలిచేవారు. 1972 నుంచి కారులో బిగించినట్టే కొలవడంతో అంకెలు ఒక్కసారిగా దిగొచ్చాయి.

మరి పందెం ఎవరు ఆపారు? తల్లిదండ్రుల హితబోధలు మాత్రం కాదు. 1966లో అక్కడ రోడ్డు ప్రమాద మరణాలు 50 వేలు దాటాయి. భద్రతా చట్టం వచ్చింది. ఇన్సూరెన్సు వాళ్ళు కుర్రాళ్ళు నడిపే బలమైన కార్లకి ప్రీమియం బాగా పెంచేశారు. 1970లో పొగ మీద చట్టం, 1973లో చమురు సంక్షోభం. 1975కి షెవర్లే కోర్వెట్ మామూలు మోడల్ 165 హెచ్.పి.కి పడిపోయింది.

ముప్ఫై నలభై ఏళ్ళకి కంప్యూటరు పుణ్యమా అని పందెం మళ్ళీ మొదలైంది. 2015 మోడల్ డాడ్జ్ హెల్‌క్యాట్ సూపర్‌ఛార్జర్‌తో 707 హెచ్.పి. అంటే మన బోరు మోటార్లు నూట నలభై పైమాటే! డాలస్‌లో ఉన్న మా అక్క కొడుకు ఇదే కొంటానని పట్టుబట్టాడు. అక్కకి రెండు రాత్రులు నిద్ర లేదు. ఆ కారుకి రెండు తాళాలు ఇస్తారట. ఎర్ర తాళంతో బలమంతా, నల్ల తాళంతో 500 మాత్రమే. "నల్లది వాడికి, ఎర్రది నాకు పంపమను" అంది అక్క. నవ్వొచ్చింది గానీ, ఆ 500 కూడా 1970 షెవెల్ కన్నా ఎక్కువే.

2023లో డాడ్జ్ డెమన్ 170, ప్రత్యేక ఇంధనంతో 1,025కి చేరింది. ఆ ఏడాది డిసెంబరులో కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీలో ఆ కార్ల తయారీ ఆగింది. ఇప్పుడు కరెంటు కార్లు వెయ్యి హెచ్.పి. మాట చప్పుడు లేకుండానే చెబుతున్నాయి.

మీ పిల్లలు ఇలాంటి కారు అడిగితే వద్దని వాదించకండి. ముందు వాళ్ళ వయసుకి ఇన్సూరెన్సు ఎంతవుతుందో వాళ్ళనే కనుక్కోమనండి. అమెరికాలో అప్పుడు కుర్రాళ్ళని ఆపిన వాటిలో అదీ ఒకటి.