వృత్తి మల్లయుద్ధంలో టోర్నమెంట్ పద్ధతులు: కల్పిత ఫలితం, కచ్చితమైన గణితం

1. ప్రవేశిక

1979 సెప్టెంబరులో అమెరికాకు చెందిన వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ 'ఇంటర్‌కాంటినెంటల్' అనే కొత్త బిరుదును ప్రవేశపెట్టింది. రియో డి జెనీరోలో జరిగిన టోర్నమెంట్‌లో గెలిచి ప్యాట్ ప్యాటర్సన్ దానికి తొలి విజేత అయ్యాడని ప్రకటించింది. వాస్తవానికి అక్కడ అటువంటి టోర్నమెంట్ ఏదీ జరగలేదు. కొత్త బిరుదుకు చరిత్ర ఉండదు. 'టోర్నమెంట్' అన్న ఒక్క మాట దానికి చరిత్రను సమకూర్చింది.

వృత్తి మల్లయుద్ధంలో విజేత ఎవరన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. తమది వినోద ప్రదర్శనేనని ఈ సంస్థే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనకర్తల ఎదుట అంగీకరించింది. కనుక ఈ రంగంలో టోర్నమెంట్ విజేతను తేల్చే సాధనం కాదు. నిర్ణయమైన విజయానికి విశ్వసనీయత కల్పించే ఇతివృత్త నిర్మాణం. నాకౌట్, లీగ్ పద్ధతులు ఈ పనిని ఏవిధంగా నిర్వహించాయో మూడు సందర్భాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. నాకౌట్ పద్ధతి: 'బై' పాత్ర

నాకౌట్ పద్ధతిలో ఒక్కసారి ఓడినవారు నిష్క్రమిస్తారు. 1988 ఫిబ్రవరిలో వివాదాస్పదంగా ముగిసిన ఒక పోటీ తరువాత ఫెడరేషన్ ప్రపంచ బిరుదు ఖాళీ అయింది. దాని భర్తీకి మార్చి 27న అట్లాంటిక్ సిటీలో జరిగిన నాలుగవ రెజిల్‌మేనియాలో 14 మందితో ఒకే రాత్రి టోర్నమెంట్ నిర్వహించారు. ఆ వివాదంలో ప్రత్యర్థులైన హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్‌లకు తొలి రౌండులో 'బై' లభించింది. రెండవ రౌండులో వారిద్దరూ పరస్పరం తలపడి, ఇద్దరూ అనర్హులయ్యారు. దానితో టెడ్ డిబియాసీ సెమీఫైనల్ ఆడకుండానే ఫైనల్‌కు చేరాడు. రాండీ సావేజ్ మాత్రం ఫైనల్‌తో కలిపి నాలుగు పోటీలు ఆడవలసి వచ్చింది. పోటీల పట్టికలోని ఈ అసమానతే ప్రతినాయకుని సౌకర్యాన్ని, నాయకుని శ్రమను ప్రేక్షకునికి స్పష్టం చేసింది. ఫలితం కల్పితమే, కాని ఒకే రాత్రి నాలుగుసార్లు బరిలో దిగిన దేహశ్రమ కల్పితం కాదు.

3. లీగ్ పద్ధతి: 'డ్రా' ప్రయోజనం

లీగ్ పద్ధతిలో ప్రతివారూ మిగిలిన వారందరితో తలపడతారు. పాయింట్లను బట్టి స్థానాలు నిర్ణయమవుతాయి. జపాన్‌లో దీనికి పునాది వేసినవాడు పూర్వం సుమో యోధుడైన రికిడోజాన్. 1959లో ఆయన ఆరంభించిన వరల్డ్ లీగ్‌లో వరుసగా ఐదుసార్లు ఆయనే విజేత. అనేక దినాలు సాగే సుమో పోటీలలో గెలుపోటములు లెక్కపెట్టుకోవడం అలవాటైన జపాన్ ప్రేక్షకులకు ఈ పద్ధతి కొత్తది కాదు.

1969 లీగ్‌లో జెయింట్ బాబా, ఆంటోనియో ఇనోకి, బోబో బ్రెజిల్, క్రిస్ మార్కాఫ్ సమాన స్థానంలో నిలిచారు. నిర్ణాయక పోటీలలో బాబా, బ్రెజిల్ మధ్య పోటీ డ్రాగా ముగిసింది. ఇనోకి మార్కాఫ్‌ను ఓడించి తొలిసారి విజేత అయ్యాడు. ఆ సంస్థలో అగ్రస్థానం బాబాది. ఆయన గౌరవానికి భంగం కలగకుండా ఇనోకిని ఆ స్థాయికి చేర్చడం నిర్వాహకుల ఎదుట ఉన్న సమస్య. ఒకరు గెలవాలంటే మరొకరు ఓడక తప్పని నాకౌట్ పద్ధతిలో దీనికి ఇంత సులభమైన పరిష్కారం లేదు. డ్రాకు చోటున్న లీగ్‌లో ఇనోకి గెలిచాడు, బాబా ఓడలేదు.

4. సున్నా విలువ

1972లో ఇనోకి స్థాపించిన న్యూ జపాన్ ప్రొ రెజ్లింగ్, 1991 ఆగస్టులో టోక్యోలోని సుమో వేదిక ర్యోగోకు కొకుగికాన్‌లో 'జీ 1 క్లైమాక్స్'ను ఆరంభించింది. ఎనిమిది మందిని నలుగురేసి చొప్పున రెండు గ్రూపులుగా విభజించారు. గెలుపుకు 2 పాయింట్లు, డ్రాకు 1. నలుగురి మధ్య ఆరు పోటీలు, అంటే మొత్తం 12 పాయింట్లు. ఒక గ్రూపులో అవి ఇలా పంపిణీ అయ్యాయి: మసహిరో చోనో 5, షిన్యా హషిమొటో 5, బామ్ బామ్ బిగెలో 2, రికి చోషు 0. చోనో నిర్ణాయక పోటీలో హషిమొటోను, ఫైనల్‌లో కెయిజి ముతోను ఓడించి విజేతగా నిలిచాడు.

ఈ పట్టికలో చోనో పొందిన 5 కంటే చోషుకు దక్కిన సున్నా ఎక్కువ అర్థవంతమైనది. చోషు 1980ల నాటి అగ్రశ్రేణి యోధుడు. ఆయన ఒక్క పోటీలో ఓడి ఉంటే దానిని యాదృచ్ఛికం అనుకోవచ్చు. మూడింటిలోనూ ఓడడంతో ఒక తరం పక్కకు తొలగి మరొక తరానికి దారి ఇస్తున్నదన్న విషయం ఏ వ్యాఖ్యానమూ అవసరం లేకుండానే వ్యక్తమైంది.

5. ముగింపు

నాకౌట్ పద్ధతి శ్రమను, లీగ్ పద్ధతి స్థానాల మార్పును కథనం చేయడానికి అనువైనవని ఈ సందర్భాలు నిరూపిస్తున్నాయి. 1979లో టోర్నమెంట్ పేరు చెబితే సరిపోయింది. దూరదేశపు పోటీని సరిచూసుకునే అవకాశం ప్రేక్షకునికి లేదు. లీగ్‌లో ప్రతి పాయింటూ అతని కళ్ళ ముందే చేరుతుంది. పట్టికను అతడే కూడుకోగలడు. ఫలితం కల్పితమని అంగీకరించే ప్రేక్షకుడు సైతం కూడికలో తప్పును అంగీకరించడు. 'అంతా బూటకం' అన్న ఒక్క మాటతో ఈ కళారూపాన్ని తోసిపుచ్చేవారు గుర్తించనిది ఈ నియమాన్నే. కల్పన నిలబడింది ఆ కచ్చితమైన లెక్క మీదనే.