నష్టపరిహారం: ఎవరి తూకం?

మా మడకశిర పెద్దలు కోర్టును గురించి ఒక మాట చెప్తారు: ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికి వచ్చి ఏడుస్తాడు. నష్టపరిహారపు దావాల చరిత్ర తిరగవేసినప్పుడల్లా నాకీ మాటే గుర్తుకు వస్తుంది.

సూత్రం చూడబోతే నిష్కళంకమైనది. తప్పు జరగకపోయి ఉంటే బాధితుడు ఏ స్థితిలో ఉండేవాడో, డబ్బు చేయగలిగినంతవరకు అతణ్ణి ఆ స్థితికి చేర్చాలి. శిక్షించడం కాదు, లోటు పూడ్చడం దాని పని. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను దానికొక హద్దు గీసింది. ఒప్పందం తప్పడంవల్ల సహజంగా కలిగిన నష్టమో, కలుగుతుందని ఒప్పందం నాడే ఉభయులకూ తెలిసిన నష్టమో మాత్రమే లెక్కకు వస్తుంది. మిల్లువాడు శెనక్కాయ కొంటానని మాట తప్పితే, ఒప్పుకున్న ధరకూ అప్పటి బజారు ధరకూ గల తేడా రైతుకు దక్కుతుంది. చేతికి డబ్బందక రైతు అమ్ముకున్న ఎద్దుల మాట మాత్రం సాధారణంగా చట్టం చెవిన పడదు.

మరి తప్పు చేసినది ప్రభుత్వమే అయితే? 1861లో కలకత్తా సుప్రీంకోర్టు ముందుకు ఈ ప్రశ్న వచ్చింది. కిడ్డర్‌పూర్‌లోని ప్రభుత్వ ఓడల కార్ఖానా పనివాళ్ల అజాగ్రత్తవల్ల ఇనుప సామాను కిందపడి, పీ అండ్ ఓ ఓడల కంపెనీ గుర్రం గాయపడింది. కంపెనీకి 350 రూపాయల పరిహారం లభించింది. వ్యాపారంవంటి పనులలో దొరతనానికి బాధ్యత ఉన్నది, సార్వభౌమాధికారపు పనులలో లేదు అన్న భేదం ఆ తీర్పులోనే మొలకెత్తింది. స్వతంత్రం వచ్చిన తరువాత కూడ ఆ మొక్క ఎండలేదు. మీరట్ పోలీసులు జప్తు చేసిన బంగారం ఠాణా నుంచే మాయమైతే, 1964లో సుప్రీంకోర్టు దాని సొంతదారుకు పరిహారం నిరాకరించింది.

దీనికి ఎదురు నిలిచిన తీర్పులలో ఒకటి మన రాయలసీమ కేసులోనే వచ్చింది. 1977 ఏప్రిల్‌లో, నాటి కర్నూలు జిల్లా కోవెలకుంట్ల సబ్‌జైలుపై దుండగులు బాంబులు విసిరారు. లోపల ఉన్న తండ్రి చనిపోయాడు, కొడుకు గాయపడ్డాడు. కాపలాలో నిర్లక్ష్యం జరిగిందని 10 లక్షల రూపాయలకు దావా పడింది. మొదటి కోర్టు కొట్టివేసింది. 1989లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1,44,000 రూపాయలకు వడ్డీతో డిక్రీ ఇచ్చింది. రాజ్యాంగం 21వ అధికరణ ఖైదీకి కూడ ప్రాణరక్షణ హామీ ఇస్తున్నది గనుక, సార్వభౌమత్వం అన్న డాలు అక్కడ పనికిరాదన్నది. 2000లో సుప్రీంకోర్టు దానిని ఖాయపరచింది.

ఇది ప్రజల విజయమే. కాని ఘటనకూ తుదితీర్పుకూ మధ్య 23 ఏళ్లు గడిచాయి. అన్నేళ్లు నిలబడే స్తోమత మన కూలికి ఉన్నదా? అడిగిన మొత్తాన్నిబట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది. నిరుపేద ఫీజు లేకుండా దావా వేయవచ్చునని సివిల్ ప్రొసీజరు కోడు అంటున్నా, తన పేదరికాన్ని ముందుగా అతడే రుజువు చేసుకోవాలి.

ఇంతకంటె లోతైన చిక్కు తూకంలో ఉన్నది. మరణానికి పరిహారం కట్టేటప్పుడు మృతుని సంపాదనే ప్రధానమైన పడికట్టు. ఒకే బస్సు కింద అధికారీ, కూలీ పడితే ఇద్దరి ప్రాణాలకూ రెండు ఖరీదులు. బతికి ఉండగా తక్కువ కూలి ఇచ్చిన సమాజం, చనిపోయాక ఆ తక్కువ కూలినే సాక్ష్యంగా చూపుతున్నది. పూర్వస్థితికి చేర్చడమంటే పూర్వపు అసమానతకు చేర్చడమే అవుతున్నది.

అందుచేత పరిహారపు హక్కును మనం వదులుకోమని కాదు. దానిని పట్టుకొనే తూకపురాళ్లు మార్చమని అడగాలి. గుర్రానికి విలువ కట్టడంతో మొదలైన ఈ చరిత్ర, మనిషి దగ్గరికి ఇంకా పూర్తిగా చేరవలసే ఉన్నది.